సవానా పాత ఊరు చూడబోయే వాళ్ళకి: మీ ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో పర్లాకిమిడి నుంచి ఒకావిడ "అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, నయాగరా, న్యూయార్కు అందరూ చూసేవే, ఏదైనా పాత ఊరు ఉంటే చెప్పండి" అని అడిగారు. జార్జియా రాష్ట్రంలో సవానా అనే రేవు పట్టణం ఉంది, పాత ఊరు అలాగే నిలబెట్టుకున్నారు, తప్పకుండా చూడండి అని నాలుగు ముక్కలు రాశాను. ఇక చూడండి, బరంపురం నుంచి, ఛత్రపురం నుంచి, గుణుపురం, రాయగడ నుంచి ఒకటే ప్రశ్నలు. మన వైపు కూడా ఇప్పుడు వీధికో పిల్ల అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉంటోంది కదా. అందుకని ఈసారి శీర్షిక మొత్తం సవానాకే ఇచ్చేస్తున్నాను. మా అబ్బాయి అట్లాంటాలో ఉన్నప్పుడు రెండుసార్లు వెళ్ళాను, రెండోసారి కావాలని వెళ్ళాను. మొదటిసారి చూసింది సగమే అని ఇంటికొచ్చాక తెలిసింది.

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అల్లుడు "ఒక్క రోజులో చూసి వచ్చేద్దాం అత్తయ్యా" అంటున్నాడు. నడవగలనా? (రిటైర్డ్ టీచర్, పర్లాకిమిడి)

జవాబు: టీచరమ్మా, అల్లుడు గారి మాట ఈ ఒక్క విషయంలో వినకండి. అట్లాంటా నుంచి సుమారు 250 మైళ్ళు, కారులో నాలుగు గంటలు పోను, నాలుగు గంటలు రాను, ఇంక ఊరు చూసేది ఎప్పుడు? రెండు రాత్రులు ఉండేలా పెట్టుకోండి. హోటల్ కూడా పాత ఊర్లోనే తీసుకోమనండి, రేటు కాస్త ఎక్కువైనా సరే. మధ్యాహ్నం గదికి వచ్చి కాళ్ళు చాపుకుని మళ్ళీ సాయంత్రం బయల్దేరవచ్చు, మన వయసుకి అది పెద్ద సుఖం.

ఊరు ఎలా ఉంటుందంటే, కింద సవానా నది. నది పక్కన 40 అడుగుల దాకా ఎత్తున్న గట్టు, ఊరంతా ఆ గట్టు మీద. నది అంచున ఉన్న వీధిని రివర్ స్ట్రీట్ అంటారు. పై ఊరికీ కింది వీధికీ మధ్య పాత రాతి మెట్లు ఉన్నాయి. చాలా నిటారు, ఒక మెట్టు ఎత్తుగా, ఇంకోటి పొట్టిగా ఉంటుంది, జాగ్రత్త అని బోర్డులు కూడా పెట్టారు. మీరు వాటి జోలికి పోవద్దు. బంగారు గోపురం ఉన్న సిటీ హాల్ పక్కన లిఫ్ట్ ఉంది, అందులో దిగండి.

కింద దారుల్లో పరిచిన రాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కోటి ఒక్కో సైజు, గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. కొన్ని నల్లవి, కొన్ని బూడిద రంగు, కొన్నిట్లో ఎర్ర జీర. అవి ఆ ఊరి రాళ్ళు కావు. సరుకు లేకుండా వచ్చే ఓడ సముద్రంలో ఒరిగిపోకుండా అడుగున బరువు కోసం రాళ్ళు వేసుకుని వచ్చేవారు, ఇక్కడ వాటిని దింపేసి ఆ చోట దూది బేళ్ళు ఎక్కించుకుని పోయేవారు. ఆ దింపేసిన రాళ్ళతోనే దారులూ గోడలూ కట్టుకున్నారు. వాన పడితే సబ్బు రాసినట్టు జారతాయి. మొదటిసారి నేను తోలు చెప్పులతో వెళ్ళి మడమ బెణికించుకున్నాను, మిగతా రోజంతా పోయింది. మీరు మాత్రం పట్టున్న బూట్లే వేసుకోండి, చీర మీద బాగుండదు అనుకోకండి.

పైన ఊరు మాత్రం చదునుగా ఉంటుంది. సిటీ హాల్ దగ్గర మొదలుపెట్టి బుల్ స్ట్రీట్ మీద తిన్నగా ఫోర్సైత్ పార్కు దాకా వెళ్తే ఒక మైలు. ఈ మైలులో చెట్ల నీడ ఉన్న అయిదు చిన్న చౌకాలు (స్క్వేర్లు) వస్తాయి, ప్రతి దాంట్లో బెంచీలు. రెండు వీధులు నడవడం, కూర్చోవడం, మళ్ళీ రెండు వీధులు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ కోసమే కట్టారా అనిపిస్తుంది. ఇంకా ఓపిక లేకపోతే పాత ఊర్లో తిరిగే ఉచిత బస్సు ఉంది, డాట్ అంటారు. నది దాటించే చిన్న పడవ కూడా ఉచితమే. ఆ పడవ తప్పకుండా ఎక్కండి. ఊరిని నీటి మీద నుంచి ఒక్కసారి చూస్తే, ఇది మొదట రేవు, తర్వాతే ఊరు అని చెప్పకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. సవానా చౌకాల ప్లాన్ గురించి క్లాసులో ఒక్క వాక్యం చెప్పి వదిలేశారు. అందులో అంత గొప్ప ఏముంది? (విద్యార్థి, బరంపురం)

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు. 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి వలస కోసం మనుషుల్ని తీసుకొచ్చి ఆ గట్టు మీద దిగాడు. ఊరిని ముక్కలు ముక్కలుగా గీశాడు. ఒక్కో ముక్క ఒక వార్డు. మధ్యలో ఖాళీ చౌకం, ఉత్తరం దక్షిణం వైపుల మొత్తం 40 ఇళ్ళ స్థలాలు, తూర్పు పడమరల్లో నాలుగు పెద్ద స్థలాలు గుడికో బడికో కచేరీకో. ఊరు పెరగాలంటే ఇంకో వార్డు పక్కన అతికించుకోవడమే. అలా 1851 నాటికి 24 చౌకాలయ్యాయి, ఇప్పుడు 22 ఉన్నాయి. 120 ఏళ్ళ పాటు మొదటి గీత చెడగొట్టకుండా ఊరు పెంచుకోవడం అంటే మాటలా? మన ఊళ్ళో పదేళ్ళకొకసారి మాస్టర్ ప్లాన్ మారుతుంటే చూస్తున్నాం కదా.

అయితే నువ్వు చదువుకోవలసింది గీసిన కాగితం ఒక్కటే కాదు, దాన్ని ఎలా కాపాడుకున్నారన్నది కూడా. 1954లో ఎలిస్ స్క్వేర్‌లో ఉన్న పాత సిటీ మార్కెట్‌ని పడగొట్టి కార్ల పార్కింగ్ కట్టారు. ఊరి జనం కడుపు మండింది. మర్నాటి ఏడాది డావెన్‌పోర్ట్ హౌస్ అనే 1820 నాటి ఇంటిని కూడా పడగొట్టబోతే ఏడుగురు ఆడవాళ్ళు కలిసి చందాలు వేసుకుని ఆ ఇల్లు కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. తర్వాత వందల ఇళ్ళు కాపాడారు. ఆ పార్కింగ్ కట్టడాన్ని కూడా చివరికి తీసేసి, కార్లని భూమి కిందికి పంపి, పైన చౌకాన్ని 2010లో మళ్ళీ తెరిచారు. పోయిన చౌకం తిరిగి వచ్చింది! నువ్వు వెళ్తే అక్కడ ఒక గంట కూర్చో. తర్వాత మన బరంపురం పాత పట్టుసాలె వీధుల్లో అరుగులు ఎన్ని మిగిలాయో ఒకసారి లెక్కపెట్టు.

ఇంకొకటి. రైట్ స్క్వేర్‌లో ఒక మూల పెద్ద గ్రానైట్ బండ ఉంటుంది, జనం ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అది టోమోచిచి పేర పెట్టిన రాయి. ఆయన అక్కడి యమక్రా తెగ పెద్ద, ఓగల్‌థార్ప్‌ని ఆ గట్టు మీద ఊరు కట్టుకోనిచ్చిన మనిషి. 1739లో పోతే ఆ చౌకం నడుమనే సమాధి చేశారు. 1883లో ఆ సమాధి దిబ్బని తీసేసి ఒక రైలు కంపెనీ పెద్దమనిషి స్మారకం అక్కడ కట్టారు. ఈ బండ 1899లో, ఆ పెద్దమనిషి కుటుంబంలోని ఆడవాళ్ళు కూడా పూనుకుని, ఓ పక్కగా పెట్టించింది. నడుమ ఎవరున్నారో, మూలకి ఎవరు జరిగారో చూస్తే ఆ ఊరి చరిత్ర సగం అర్థమైనట్టే.

ప్రశ్న: మాది పత్తి కమీషన్ వ్యాపారం. సవానా దూది మీద లేచిన ఊరు అని రాశారు. అక్కడ మా వృత్తికి సంబంధించి చూడదగ్గవి ఉన్నాయా? (వ్యాపారి, గుణుపురం)

జవాబు: అన్నా, మీలాంటి వాళ్ళు చూడవలసిన ఊరే అది. రివర్ స్ట్రీట్‌కి వెనకాల, గట్టుని ఆనుకుని అయిదారు అంతస్తుల ఇటుక గోదాములు వరసగా ఉంటాయి. కింది అంతస్తులు నది వైపు తెరుచుకుంటాయి, పై అంతస్తులు ఊరి వైపు. గట్టుకీ వాటికీ మధ్య సందు ఉంటుంది, ఆ సందు మీద ఇనుప వంతెనలు. దాన్ని ఫ్యాక్టర్స్ వాక్ అంటారు. ఫ్యాక్టర్ అంటే మీరే, రైతు సరుకు తీసుకుని, నాణ్యం కట్టి, అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే మనిషి. వంతెన మీద నిలబడి కింద బండ్లలో వచ్చే దూదిని చూసి ధర చెప్పేవారట. పై అంతస్తుల్లో ఆఫీసులు, కింద సరుకు. 1880ల్లో కట్టిన కాటన్ ఎక్స్ఛేంజ్ కట్టడం ఇంకా నిలబడే ఉంది, ఎర్ర ఇటుకది, ముందు రెక్కల సింహం బొమ్మ. ఆ రోజుల్లో దూది వ్యాపారానికి పేరుమోసిన చోట్లలో అదొకటి.

మీరు రోజూ చూసే జిన్నింగ్ మిల్లుకి మూలం కూడా ఈ ఊరి పక్కనే ఉంది. 1793లో ఎలీ విట్నీ అనే కుర్రాడు సవానాకి దగ్గర్లో మల్బరీ గ్రోవ్ అనే తోటలో ఉంటూ గింజ తీసే యంత్రం చేశాడు. అప్పటిదాకా పొట్టి పింజ పత్తిలో గింజ చేత్తో తీయాలంటే ఒక మనిషికి రోజంతా కూర్చుంటే ఒక పౌను దూది వచ్చేది. మిషన్‌తో 50 పౌన్లు.

ఇప్పుడు మీరు అనుకుంటారు, మిషన్ వచ్చింది కదా, మనుషుల కష్టం తగ్గింది కాబోలు అని. తగ్గలేదన్నా, పెరిగింది. గింజ తీయడం తేలికైంది కాబట్టి ఎంత పత్తి వేసినా అమ్ముడుపోతుంది, కాబట్టి ఇంకా భూమి కావాలి, వేయడానికీ తీయడానికీ ఇంకా మనుషులు కావాలి. ఆ మనుషులు జీతగాళ్ళు కాదు, బానిసలు. నిజానికి జార్జియాలో మొదట బానిసత్వమే లేదు, 1735లో చట్టం చేసి నిషేధించారు. పక్క కరోలినాలో తోటల వాళ్ళు డబ్బు గడిస్తుంటే చూసి ఓర్చుకోలేక ఇక్కడి వాళ్ళు గొడవ చేసి 1751లో ఆ నిషేధం తీయించుకున్నారు. ముందు వరి, తర్వాత దూది. 1864 డిసెంబరులో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాపతి షెర్మన్ ఈ ఊరు పట్టుకుని అధ్యక్షుడు లింకన్‌కి క్రిస్మస్ కానుక అని టెలిగ్రాం కొట్టాడు. అందులో 150 ఫిరంగులతో పాటు సుమారు 25,000 దూది బేళ్ళు అని లెక్క రాశాడు. ఊరు గెలిచిన సైన్యాధికారి బేళ్ళు లెక్కపెట్టాడంటే దూది విలువ ఎంతో మీకు వేరే చెప్పాలా?

వెళ్తే మాత్రం వంతెన మీద నిలబడి చూసి తిరిగి రాకండి, కింద సందులోకి దిగండి. బేళ్ళు మోసిన వాళ్ళు నిలబడిన చోటు అది. గట్టుకి కట్టిన గోడలో చీకటి గదులు వరసగా ఉన్నాయి, దేనికి వాడారని ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ గోడ మీద చెయ్యి వేస్తే చెమ్మ తగులుతుంది.

ప్రశ్న: పిల్లలకి 9, 12 ఏళ్ళు. వాళ్ళు దెయ్యాల టూర్ అంటున్నారు. మావారు బానిసల ఇల్లు చూపించాలంటున్నారు. పిల్లలకి అలాంటివి చూపించవచ్చా? టెన్షన్‌గా ఉంది. (గృహిణి, ఛత్రపురం)

జవాబు: చూపించవచ్చు తల్లీ, చూపించాలి. మీ వారి మాటే నాదీ. ఆ ఊర్లో రాత్రిపూట దెయ్యాల కథలు చెబుతూ తిప్పే వాళ్ళు చాలామంది ఉన్నారు, పిల్లలకి సరదాయే, కాదనను. కానీ ఆ కథల్లో చచ్చిపోయిన పనిమనిషి, ఉరిపోసుకున్న బానిస పిల్ల అని వచ్చినప్పుడల్లా నాకు మనసు ఒప్పలేదు. వాళ్ళు నిజంగా బతికిన మనుషులు. వాళ్ళు ఎలా బతికారో చూశాక కావాలంటే దెయ్యాల కథ వినండి.

ఓగల్‌థార్ప్ స్క్వేర్‌లో ఓవెన్స్ థామస్ హౌస్ ఉంది, 1819లో పూర్తయింది. ముందు నుంచి చూస్తే రాజమహల్. అప్పట్లోనే ఇంట్లో కుళాయి నీళ్ళు ఏర్పాటు చేసుకున్నారు. పెరట్లో తోట అవతల రెండంతస్తుల కట్టడం, ఒక భాగం గుర్రాలకి, ఒక భాగం బానిసలకి. టూర్ ఇప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెడతారు, అది నాకు చాలా నచ్చింది. లోపలికి వెళ్ళాక పిల్లల్ని పైకప్పు చూడమనండి. దూలాల మీద నీలం రంగు ఇంకా అంటుకుని ఉంది, అక్కడక్కడా పెచ్చులు ఊడి. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి పూసేవారట, దుష్టశక్తులు లోపలికి రాకుండా. మన గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకుంటామే, అలాగ. తలుపు బయట గొళ్ళెం వేసే హక్కు కూడా వేరేవాళ్ళ చేతిలో ఉన్న మనుషులు, తమ పిల్లలకి దిష్టి తగలకూడదని కప్పుకి రంగు వేసుకున్నారు. మా మనవడు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, రాత్రి హోటల్లో పడుకున్నాక "తాతా, ఆ రంగు వాళ్ళకి ఎవరిచ్చారు?" అని అడిగాడు.

అక్కణ్ణుంచి ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చికి తీసుకెళ్ళండి. ఆ సంఘం 1773 నుంచీ ఉందని చెబుతారు. ఇప్పుడున్న ఇటుక కట్టడం 1859లో పూర్తయింది, పగలంతా యజమానుల దగ్గర పనిచేసి రాత్రుళ్ళు వచ్చి బానిసలు కట్టుకున్నది. కింది హాల్లో నేల చెక్కల్లో ముగ్గు వేసినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. పారిపోయి వచ్చిన వాళ్ళని ఆ నేల కింద దాచేవారని, గాలి ఆడటానికి ఆ రంధ్రాలని చర్చి వాళ్ళు చెబుతారు. పిల్లలు కళ్ళు విప్పార్చుకుని వింటారు, మీరే చూడండి. టైములు ముందే కనుక్కుని వెళ్ళండి.

ఒక్క చోటు మాత్రం మీరూ మీ వారూ ముందు చూసి, తర్వాత పిల్లలకి చెప్పాలో వద్దో అనుకోండి. చర్చి పూర్తయిన ఆ 1859లోనే మార్చి 2, 3 తేదీల్లో ఊరి బయట గుర్రప్పందేల మైదానంలో ఒక వేలం జరిగింది. పియర్స్ బట్లర్ అనే తోటల ఆసామి జూదంలో చేసిన అప్పులు తీర్చడానికి 436 మందిని అమ్మకానికి జాబితాలో పెట్టాడు. పసిపిల్లలతో సహా. రెండు రోజులూ వాన కురిసిందట, అందుకే దాన్ని ఏడుపు కాలం అన్నారు. వచ్చిన డబ్బు 3,03,850 డాలర్లు. వేలం అయ్యాక బట్లర్ ఒక సంచీతో వచ్చి, అమ్ముడుపోయిన ఒక్కొక్కరికీ ఒక డాలరు, అంటే కొత్త పావలా నాణేలు నాలుగు, చేతిలో పెట్టాడని ఆ రోజు అక్కడున్న విలేకరి రాశాడు. ఊరికి పడమర వైపు ఒక చిన్న పార్కులో 2008లో పెట్టిన ఫలకం ఉంది, అంతకుమించి అక్కడ చూడ్డానికేమీ లేదు. టూరు బస్సుల సందడి ఉండదు. నేను వెళ్ళినప్పుడు ఎవరో దాని కింద పూలు పెట్టి ఉన్నారు.

ప్రశ్న: మా ముత్తాత గోపాల్‌పూర్ రేవు నుంచి రంగం (రంగూన్) వెళ్ళాడు, తిరిగి రాలేదు. సవానా గురించి చదువుతుంటే ఆయనే గుర్తొచ్చాడు. వాళ్ళదీ మనవాళ్ళదీ ఒకటే కథ అనొచ్చా? (ఉద్యోగి, బరంపురం)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మా ఇంట్లో కూడా రంగం పోయినవాళ్ళు ఉన్నారు. గంజాంలో, శ్రీకాకుళంలో రంగం మాట వినని తెలుగు ఇల్లు తక్కువ. స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి, ధాన్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసి, డబ్బు పంపిన వాళ్ళు వేలమంది. కూలీలని కుదిర్చే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ చెప్పిందే వేదం. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు అడవుల్లోంచి కాలినడకన వస్తూ దారిలోనే పోయినవాళ్ళు ఎందరో. గోపాల్‌పూర్ రేవు కూడా అప్పటితోనే మూతపడింది.

అయినా ఒకటే కథ అనకూడదు. మీ ముత్తాత బాకీతో వెళ్ళాడు, కష్టపడ్డాడు, బహుశా మోసపోయాడు కూడా. కానీ ఆయన్ని ఎవరూ కొనలేదు. ఆయన పిల్లలు పుట్టుకతోనే ఇంకొకరి సొత్తు కాలేదు. మనియార్డరు పంపగలిగాడు, ఉత్తరం రాయించగలిగాడు, స్టీమరు చార్జీ చేతిలో ఉంటే తిరిగి రాగలడు. సవానా వాళ్ళకి అందులో ఏ ఒక్కటీ లేదు. ఈ తేడా చిన్నది కాదు, మన బాధ పెద్దదని చూపించుకోవడానికి వాళ్ళ బాధని మనదాంతో కలిపేయడం వాళ్ళకి అన్యాయం.

కలిసేది ఎక్కడంటే, రేవు దగ్గర. రెండు చోట్లా సరుకు ఎవరిదో పుస్తకాల్లో పేరుతో ఉంటుంది, మోసినవాడు అంకెగా ఉంటాడు. ఇంకో సంగతి, సవానా చుట్టుపక్కల తీరంలో గీచీ అనే ఆఫ్రికా మూలాల వాళ్ళున్నారు, వాళ్ళ పూర్వీకుల్ని పశ్చిమ ఆఫ్రికా వరి పండించే ప్రాంతాల నుంచి పట్టుకొచ్చారు, వరి పని తెలిసినవాళ్ళని. ఆటుపోట్ల నీటిని మడుల్లోకి వదిలి తీయడం, రోట్లో దంచడం, చేటతో చెరగడం అన్నీ వాళ్ళు చేసిన పనే. ఒక చిన్న దుకాణంలో గడ్డితో అల్లిన గుండ్రటి చేట చూశాను, చేతిలోకి తీసుకోగానే బొటనవేళ్ళు వాటంతట అవే అంచు మీదకి వెళ్ళాయి, మా అమ్మ బియ్యం చెరిగేటప్పుడు పట్టుకున్నట్టే. ఆ దుకాణం ఆవిడ చూసి "మీకు తెలుసే!" అంది. తెలుసు అన్నాను. మీరు వెళ్తే రివర్ స్ట్రీట్‌లో 2002లో పెట్టిన కంచు విగ్రహం దగ్గర ఆగండి. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, కాళ్ళ దగ్గర తెగిపోయిన సంకెళ్ళు. నది వైపు నిలబెట్టారు. మీ ముత్తాతని తలుచుకోవడానికి అదే సరైన చోటు, అక్కడ తలుచుకుంటే తప్పేమీ లేదు.

ప్రశ్న: ఎప్పుడు వెళ్ళాలి? మాంసం ముట్టనివాళ్ళకి తిండి దొరుకుతుందా? (దంపతులు, జయపురం)

జవాబు: మార్చి ఆఖరు, ఏప్రిల్, లేదా అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన తీరం ఉక్కపోతే అక్కడా, దానికి తోడు తుఫాన్ల భయం కూడా. మార్చి 17 సెయింట్ పాట్రిక్ పండగ రోజుల్లో మాత్రం వద్దు, రూములు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది.

తిండికి ఇబ్బంది లేదు కానీ అడిగి తినాలి. ఆకుకూర అని చెప్పి తెస్తారు, పంది మాంసం వేసి ఉడికించి ఉంటుంది. ఎర్రన్నం అంటారు, అందులోనూ అంతే. గ్రిట్స్ అడగండి, తెల్ల మొక్కజొన్న నూక జారుగా ఉడికించింది, రొయ్యలు లేకుండా వెన్న వేసి ఇమ్మంటే ఇస్తారు, పక్కన మన ఆవకాయ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. 1919 నుంచీ ఉన్న లియోపోల్డ్స్‌లో ఐస్‌క్రీం తినండి, లైను పొడుగున్నా నిలబడండి. రివర్ స్ట్రీట్‌లో ప్రలీన్ అనే పాకం బిళ్ళలు వేడివేడిగా చేస్తుంటారు, రుచికి ముక్క చేతిలో పెడతారు. చెట్లకి వేలాడే బూడిదరంగు జడలు చూసి పాచి అనుకోకండి, అది అనాసకి చుట్టం.

ప్రశ్న: అమెరికా వెళ్ళే యోగం మాకు లేదు. ఇలాంటి పాత రేవు ఊరు దగ్గర్లో చూడాలంటే? (రైల్వే ఉద్యోగి భార్య, రాయగడ)

జవాబు: అమ్మా, మీ గుమ్మం ముందు నుంచి వెళ్ళే రైలే అక్కడికి తీసుకెళ్తుంది. విశాఖపట్నం వన్ టౌన్. మన వాళ్ళందరం వైద్యానికని కేజీహెచ్‌కి వెళ్తాం, ఓపికుంటే బీచ్‌కి వెళ్ళి శనగలు తిని వచ్చేస్తాం, పాత ఊరు చూడం. అసలు మీ రాయ్‌పూర్ లైను వేసిందే లోపలి జిల్లాల ఖనిజం విశాఖ రేవుకి దింపడానికి. ఆ రేవు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడ దూరంగా ఆగితే పడవల మీద సరుకు తెచ్చేవారు.

పొద్దున్నే కురుపాం మార్కెట్ దగ్గర మొదలుపెట్టండి, ఆ కమాను, పాత దుకాణాలు చూసుకుంటూ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి. అమ్మవారి మీద కప్పు ఉండదు, మన చేత్తో మనమే పసుపు కుంకుమ వేసుకోవచ్చు. గురువారం రద్దీ, మార్గశిరంలో గురువారాలైతే అడుగు పెట్టలేరు, ఇంకో రోజు చూసుకోండి. తర్వాత పాత పోస్టాఫీసు వైపు వెళ్ళి కొండ ఎక్కండి. ఒకే వరసలో మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. రాస్ కొండ మీద చర్చి ముందు నిలబడితే కింద కాలవలోంచి ఓడ ఊళ్ళోకి వస్తున్నట్టే ఉంటుంది, అవతల డాల్ఫిన్ నోస్. ఓడ వచ్చేదాకా ఆగండి, తొందరపడి దిగిపోకండి.

దిగాక పాత పోస్టాఫీసు దగ్గర టీ తాగుతూ అక్కడ కూర్చునే పెద్దవాళ్ళని పలకరించండి. రేవులో బస్తాలు మోసిన వాళ్ళు, వాళ్ళ కొడుకులు కనపడతారు. మాట కలిపితే గంటసేపు చెబుతారు. ఏ ఓడ, ఏ సరుకు, ఎంత కూలీ, అంతా. ఎవరెవరు ఏ ముఠాలో పనిచేశారో పేర్లు అడిగి రాసుకోండి, రాసుకున్నది ఈ శీర్షికకి పంపండి, నేను వేస్తాను.